నేను కొట్టేసిన అరవై ఒక్క క్షమాపణలు

నా పాత ఈమెయిలు ఖాతాను నెలకొకసారి, ఒకటో తారీఖున తెరుస్తాను. అందులో వచ్చేదంతా చెత్తే. అయినా ఖాతా నా పేరున ఉన్నంతకాలం చూడటం నా బాధ్యత. ఈ ఏడాది ఫిబ్రవరి ఒకటిన ఫ్రిస్కోలో మా అమ్మాయి ఇంట్లో జ్వరంతో పడి ఉండి చూడలేదు. పదేళ్లలో తప్పింది ఆ ఒక్కసారే. మార్చి ఒకటిన తెరిస్తే, ఒక బ్లాగుల కంపెనీ జనవరి ఇరవై ఆరున పంపిన ఉత్తరం కనిపించింది. ముప్పై రోజుల్లో తమ దగ్గరున్న బ్లాగులన్నిటినీ తీసేస్తున్నామనీ, కావలసినవాళ్లు ఈలోగా తమ రాతలు దింపుకోవచ్చనీ, కలిగిన అసౌకర్యానికి క్షమించాలనీ అందులో ఉంది. నేను చదివింది ముప్పై నాలుగో రోజున. లింకు నొక్కితే తెల్లటి పేజీ వచ్చింది. నాలుగు వందల పన్నెండు టపాలు, తొమ్మిది వేల మూడు వందల ఆరు వ్యాఖ్యలు పోయాయి. ఆ లెక్క నా నోటుపుస్తకంలో ఉంది కాబట్టి చెప్పగలుగుతున్నాను. వాళ్లనడిగితే వాళ్లు చెప్పలేరు. అడిగాను కూడా. మీ ప్రశ్న మాకు ముఖ్యం, క్షమించండి అని జవాబు వచ్చింది. మండిపడి రెండో ఉత్తరం రాశాను. అక్షరం తేడా లేకుండా అదే జవాబు.

మా అమ్మాయి సాహితికి ఫోన్ చేసి అరిచాను.

"అమ్మా, అది ఫ్రీ సర్వీస్. టర్మ్స్‌లో రాసే ఉంటుంది. ఎవర్ని స్యూ చేస్తావ్ నువ్వు?"

"దావా గురించి కాదే నేను మాట్లాడేది. ఒక్కమాట చెప్పకుండా..."

"చెప్పారు కదా, థర్టీ డేస్ ఇచ్చారు. అయినా అది నీ బ్లాగ్ కూడా కాదు. నీనింగ్ ఆంటీది. ఆంటీయే కామ్‌గా ఉంటే నీకెందుకు ఇంత బీపీ?"

ఆంటీ కామ్‌గా ఉండటమే నా కోపానికి అసలు కారణమని దానికి చెప్పలేదు. ఇరవై ఒక్క ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

శాంటా క్లారాకు వచ్చేటప్పటికి నాకు నలభై మూడేళ్లు. అయినా ఆ రోజులను నా చిన్నతనం అనే అంటాను. ఎందుకంటే నడవటం, మాట్లాడటం, రోడ్డు దాటడం అన్నీ మళ్లీ మొదటినుంచి నేర్చుకోవలసి వచ్చింది. అంతకుముందు పంతొమ్మిదేళ్లు ఒక విశ్వవిద్యాలయం పరీక్షల విభాగంలో పనిచేశాను. మార్కుల మొత్తాలు సరిచూడటం, జాబితాలు తయారుచేయడం, కాపీ కొట్టినవాళ్ల రిజిస్టరు నిర్వహించడం నా పని. పంతొమ్మిదేళ్లలో నా కూడికలో ఒక్క తప్పు కూడా ఎవరూ పట్టుకోలేదు. ఇక్కడ మా ఆయనది హెచ్-వన్ వీసా, నాది ఆయన వెనక వచ్చిన డిపెండెంట్ వీసా. అంటే వంట చేయవచ్చు, బట్టలు ఉతకవచ్చు, ఉద్యోగం చేయకూడదు. నలభై మూడేళ్ల వయసులో నన్నొక కాగితం మళ్లీ చిన్నపిల్లను చేసింది. దానిమీద కోపం ఇప్పటికీ తగ్గలేదు, తగ్గించుకోవాలని కూడా లేదు.

మాది మెట్లెక్కగానే పదకొండో నంబరు వాటా. పక్కన పన్నెండులో నీనింగ్ ఉండేది. జావా ద్వీపంలో కొండప్రాంతపు పిల్ల, నాకంటే పదకొండేళ్లు చిన్న, ఆమెదీ డిపెండెంట్ వీసాయే. రెండు వాటాలకూ కలిపి ఒకటే బాల్కనీ. వాళ్ల వంటింట్లోంచి రొయ్యల ముద్ద వేయించిన వాసన వచ్చినప్పుడల్లా మా అత్తగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని "అమ్మాయ్, తలుపెయ్యి, ఆ పిల్ల మళ్లీ మొదలెట్టింది" అనేవారు. ఆ తలుపు ఒక ఎండాకాలం దాకానే మూసి ఉంది. మా అత్తగారు బాల్కనీలో పాత చీర పరిచి వడియాలు పెడుతుంటే, నీనింగ్ కూడా ఒక దుప్పటి తెచ్చి పక్కనే పరిచి, ఉడికిన అన్నాన్ని గుండ్రంగా అద్ది ఎండబెట్టడం మొదలుపెట్టింది. మా అత్తగారు వంగి చూసి, "ఓసినీ, ఇవీ వడియాలేనే!" అన్నారు. ఆ పిల్లకు తెలుగు రాదు, ఈవిడకు మరే భాషా రాదు. ఆ మధ్యాహ్నం నుంచి మూడింటి కాఫీకి నీనింగ్ మా ఇంట్లో ఉండేది. అత్తగారి కోసం రొయ్యపొడి కలపని వడియాలు విడిగా పెట్టేది. నన్ను అక్కా అని పిలవడం అత్తగారే నేర్పారు. మిగతాదంతా నాతో ఇంగ్లీషులోనే.

ఆ కాఫీ దగ్గరే ఆమె బ్లాగు చూశాను. తెలుగు బ్లాగులూ అప్పుడే మొలకెత్తుతున్నాయని తర్వాత తెలిసింది. నేను మాత్రం బ్లాగంటే ఏమిటో ఇండోనేషియా వాళ్ల దగ్గర నేర్చుకున్నాను. తన వంట, తన పొరపాట్లు, బస్సులో కనిపించిన మనుషులు, మా అత్తగారి కళ్లజోడుకు కట్టిన దారం, ఏదైనా సరే వాళ్ల భాషలో వారానికి రెండు టపాలు రాసేది. మొదట్లో నలుగురు చదివేవారు. ఏడాది తిరిగేసరికి జకార్తా, బండుంగ్, హ్యూస్టన్, ఆమ్‌స్టర్‌డామ్, ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. ఊరూరికీ బ్లాగర్ల సంఘాలు, వాటికి పేర్లు, బొమ్మలు. టపా పడగానే మొదటి వ్యాఖ్య ఎవరిదన్నదానికి పోటీ. మొదట వచ్చినవాడు "నేనే ఫస్టు" అని ఒక్కమాట రాసి, చదవడం తర్వాత చదివేవాడు. ఒకరి బ్లాగులో వ్యాఖ్య రాస్తే, వాళ్లు తిరిగి వచ్చి నీ బ్లాగులో రాయాలి. రోజూ పొద్దున గంటన్నర నీనింగ్ అలా ఇల్లిల్లూ తిరిగి వచ్చేది. ఇంత అర్థంలేని పని ఏమిటని నేను విసుక్కుంటే, మా అత్తగారు కాఫీ గ్లాసు దించి, "అర్థం లేకపోవడమేమిటే, పేరంటం అది. వాళ్లు మనింటికొచ్చి బొట్టు పెట్టించుకుంటే మనం వాళ్లింటికి వెళ్లొద్దూ?" అన్నారు. నేను బీకాం చదివాను. ఆవిడ ఐదో తరగతి. ఆ విషయం నాకంటే మూడేళ్లు ముందు ఆవిడకు అర్థమైంది.

వాళ్లు నేలమీద కలుసుకోవడాన్ని కొప్‌దార్ అనేవారు. తెరమీద ఎంత మాట్లాడుకున్నా, ఒకసారి నేలమీద కూర్చుని కాఫీ తాగితేనే పరిచయం పూర్తయినట్టు వాళ్ల లెక్క. నేను వెళ్లిన మొదటి కొప్‌దార్ శాంటా క్లారాలోనే ఒక పార్కులో. ముప్పై నాలుగు మంది వచ్చారు. చొక్కాలకు అంటించుకున్న కాగితాల మీద అసలు పేర్లు లేవు, బ్లాగుల పేర్లున్నాయి. ఒకరి మొహం ఒకరికి తెలియదు గాని, ఎవరి పిల్లాడికి ఏ వారం జ్వరం వచ్చిందో, ఎవరికి ఏ తిండి పడదో తెలుసు. ఒకామె నన్ను చూసి పరిగెత్తుకొచ్చి, "దారం కట్టిన కళ్లజోడు అమ్మమ్మ రాలేదా?" అని అడిగింది. ఈ దేశంలో మా ఇంటి మనిషి గురించి గుర్తుపెట్టుకుని ఎవరైనా అడగడం అదే మొదలు. మా తెలుగువాళ్ల పాట్‌లక్కు విందుల్లో నన్ను అడిగిన ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మీ హస్బెండ్ ఏ కంపెనీ అండీ?"

ఆ బ్లాగుకు అంత పేరు తెచ్చింది మాత్రం ఒక చెడ్డ టపా. నీనింగ్‌కు ఒక్కతే చెల్లెలు, లిలిస్. దాని పెళ్లికి వెళ్లి వచ్చి, పెళ్లికొడుకు పీటమీద నిద్రపోయి గురకపెట్టాడని రాసింది. ఎనభై ఎనిమిది వ్యాఖ్యలు. పడీపడీ నవ్వారు జనం. గురకపెట్టే పెళ్లికొడుకు అన్న మాట నెలల తరబడి ఆ బ్లాగుల్లో తిరిగింది. అది లిలిస్ చదివింది. మర్నాడే ఫోన్ చేసి, "నా పెళ్లిని నీ స్నేహితులకు పంచిపెట్టావు, ఇక నాతో మాట్లాడకు" అని పెట్టేసింది. తర్వాత రెండేళ్లు మాటల్లేవు. నీనింగ్ ఆ టపా తీసేసింది. అప్పటికే అందరూ చదివేశారు.

ఆ రెండో ఏడాది నవంబరులో వాళ్ల పండగ. ఉపవాసాల నెల అయ్యాక లెబరాన్ అంటారు, అందరూ సొంత ఊళ్లకు వెళ్తారు. నీనింగ్ కూడా తల్లి దగ్గరకు మూడు వారాలు వెళ్తూ, బ్లాగు తాళం, అదే పాస్‌వర్డు, నా చేతిలో పెట్టి, కంపెనీ ఉత్తరాలు నా ఈమెయిలుకు వచ్చేలా మార్చింది. వాళ్ల ఊళ్లో ఇంటర్నెట్ లేదు. అప్పట్లో జూదం, మందుల ప్రకటనలు కుప్పలుగా వచ్చి వ్యాఖ్యల్లో పడేవి. "ఒకే మాట పదిసార్లు వస్తే మెషీన్ రాసినట్టు, కొట్టెయ్ అక్కా" అంది. అది ఆమె ఇచ్చిన సూచన, నా నోటుపుస్తకంలో తారీఖుతో ఉంది. ఇంకొకటి కూడా చెప్పింది. ఈసారి తల్లి చేత లిలిస్‌కు కబురు చేయించానని, మనసు మారితే బ్లాగులో ఏదైనా రాయవచ్చని. "లిలిస్ పేరు కనిపిస్తే మా అమ్మ ఇంటికి ఫోన్ చెయ్. ఏ టైమైనా సరే." ఆ ఊరి నంబరు రాసుకున్నాను. వెళ్లేముందు పండగ టపా కూడా రాసి పెట్టింది. దాని చివర వాళ్ల భాషలో ఒక వాక్యం: మొహోన్ మాఫ్ లాహిర్ దాన్ బాతిన్. బయటి తప్పులకూ లోపలి తప్పులకూ క్షమించండి అని. ఆ వాక్యంతో ఏం జరుగుతుందో నాకు చెప్పాలని ఆమెకు తోచలేదు. ఎవరైనా నమస్కారం పెడితే తిరిగి పెట్టాలని మనం ఎవరికైనా విడమరిచి చెబుతామా?

మాకు ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు, వాళ్లకు పండగనాడు పొద్దున ఏడున్నర అవుతుండగా, వ్యాఖ్యలు పడటం మొదలైంది. మొదటిది ఆ వాక్యమే. రెండోది ఆ వాక్యమే. పదోది, ఇరవయ్యోది కూడా. నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షల విభాగంలో ఒకే గదిలోంచి ఒకే జవాబు రాసిన నలభై పేపర్లు వస్తే మేం ఏం చేసేవాళ్లమో తెలుసా? నలభై మందికీ సున్నా. పైగా ఇది టపాలోని వాక్యం. ప్రశ్నపత్రంలో ఉన్నదాన్నే జవాబుగా దించినట్టు. ఆరు గంటలకల్లా అరవై ఒకటి లెక్కతేలాయి. ఒక్కొక్కటీ వచ్చిన అరగంట, నలభై నిమిషాల లోపల కొట్టేశాను. కొట్టేసేముందు, అలవాటు ప్రకారం, నోటుపుస్తకంలో వరస నంబరు, పేరు, ఊరు రాసుకున్నాను. లిలిస్ అన్న పేరు లేదు. చూశాను. రెండుసార్లు చూశాను.

నీనింగ్ తిరిగి వచ్చిన రోజు అత్తగారి ఎదుట ఆ జాబితా గర్వంగా చూపించాను. "అరవై ఒక్క దొంగలను పట్టుకున్నాను." ఆమె ఒక్కొక్క పేరూ చదువుతూ నవ్వింది, నవ్వుతూ తల పట్టుకుంది. పండగనాడు ప్రతి ఇంటికీ వెళ్లి ఆ వాక్యమే చెప్పాలని, మాటలు మార్చకూడదని, అందరిదీ ఒకటే కావడమే దాని మర్యాద అని అప్పుడు చెప్పింది. విన్నంతసేపు విని, మా అత్తగారు, "పండగపూట గుమ్మంలోకొచ్చిన పేరంటాళ్లను చీపురుతో తరిమావన్నమాట. పైగా లెక్కరాసి పెట్టుకున్నావు" అన్నారు. నీనింగ్ వేలు ముప్పై ఎనిమిదో నంబరు దగ్గర ఆగింది. డిమాస్ వాళ్లమ్మ, బాలిక్‌పాపన్. వాళ్లలో పిల్లలు పుట్టాక తల్లి ఆ పిల్లాడి పేరుతోనే పిలిపించుకుంటుంది. కొడుకు పుడితే డిమాస్ అని పెడతానని లిలిస్ చిన్నప్పటినుంచీ అంటూండేదట. తన సంగతులేవీ అక్కకు చెప్పొద్దని లిలిస్ తల్లి దగ్గర మాట తీసుకుందట. చెల్లెలికి కొడుకు పుట్టాడని నీనింగ్‌కు తెలిసింది నా దొంగల జాబితాలో.

తర్వాత ఆ బ్లాగర్ల జనం చేసిన పని చూడాలి. నీనింగ్ అరవై మందికీ పేరుపేరునా తిరిగి క్షమాపణ రాసి, డిమాస్ వాళ్లమ్మ బ్లాగు ఎవరికైనా తెలుసా అని అడిగింది. అరవై మంది తలా పదిమందిని అడిగారు. పంతొమ్మిదో రోజున దొరికింది. ఆ బ్లాగులో చివరి టపా పండగ మర్నాటిది, నాలుగే వాక్యాలు. "అక్క గుమ్మానికి ఒక మాట పట్టుకెళ్లాను. నన్ను చూసి నవ్వినవాళ్ల మధ్యే నిలబడి చెప్పాను. నలభై నిమిషాల్లో తుడిచేసింది. అర్థమైంది." కింద వ్యాఖ్యల పెట్టె మూసేసి ఉంది. నీనింగ్ ఫోన్ చేసింది, ఉత్తరం రాసింది. పక్కింటి తెలుగావిడ పొరపాటున కొట్టేసిందంటే లిలిస్ నమ్మలేదు. "ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?" అందట.

అప్పుడు నీనింగ్ నా దగ్గరకొచ్చి, "అక్కా, నువ్వు రాయి. నేనే కొట్టేశాను, క్షమించు అని ఒక్క వాక్యం. నువ్వు రాస్తే నమ్ముతుంది" అంది. నేను రాశాను. ఒకటి: ఫలానా తారీఖున నాకు ఇచ్చిన సూచన ప్రకారం ఒకే రకం వ్యాఖ్యలను తొలగించడమైనది. రెండు: సదరు వ్యాఖ్యలో లిలిస్ అన్న పేరు లేదు. మూడు: ఈ విషయంలో నీనింగ్‌గారి ప్రమేయం ఏమీ లేదు. సంతకం, తారీఖు. నీనింగ్ చదివి, మడిచి, "ఇందులో క్షమించు అన్నది లేదు అక్కా" అంది. "నేను చేసింది రూలు ప్రకారం చేశాను. తప్పు చేయనిదానికి క్షమాపణ ఎందుకు?" అన్నాను. ఆమె "పర్లేదు" అంది. ఆ కాగితం పంపలేదు. నేను మరొకటి రాయలేదు. పంతొమ్మిదేళ్లు కూడికలో తప్పు చేయనిదాన్ని, ఆ ఒక్క వాక్యం రాస్తే నాలో ఏదో కూలిపోతుందనుకున్నాను. అహంకారం అంటారు దాన్ని. వేరే పేరు వెతకనక్కర్లేదు.

తర్వాత ఆ బ్లాగులన్నీ ఏమయ్యాయో అందరికీ తెలుసు. జనం ఫోన్లలోకి వెళ్లిపోయారు. పేరున్న బ్లాగర్లు సబ్బులకూ హోటళ్లకూ రాయడం మొదలుపెట్టారు. అక్క వంట బాగుందని రాసే చోట అడ్డగోలు తిట్లు వచ్చాయి. ఇప్పుడు పండగంటే మా కాంప్లెక్సు గ్రూపులో నూట నలభై మందికి ఒకేసారి వెళ్లే పూలబొమ్మ. అదీ అందరిదీ ఒకటే కదా అని సాహితి నన్ను ఎత్తిపొడుస్తుంది. ఒకటి కాదు. వాళ్లు ఒక్కొక్క గుమ్మానికీ నడిచి వెళ్లి చెప్పేవారు. ఒకే మాట అరవైసార్లు చెప్పడానికి అరవైసార్లు వెళ్లాలి. ఈ తేడా నాకు తెలిసేటప్పటికి నా చేతిలో అరవై ఒకటి చచ్చాయి. కంపెనీవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

నీనింగ్ కుటుంబం తూర్పువైపు నోవై అనే ఊరికి వెళ్లి పదహారేళ్లయింది. అక్కాచెల్లెళ్లు ఎవరిదో పెళ్లిలో కలుసుకున్నారు. అతిథులు మాట్లాడుకున్నట్టు, బాగున్నావా అంటే బాగున్నావా అనుకున్నారట. మొన్న డిసెంబరులో లిలిస్ పోయింది. లిలిస్ బ్లాగు కూడా ఆ కంపెనీలోనే ఉండేది. ఆ నాలుగు వాక్యాలూ పోయాయి. ఈ పండగ అయిన వారానికి నీనింగ్ నాలుగు రోజులు ఉందామని మా ఇంటికొచ్చి, మొదటి రోజు పొద్దునే కాఫీ దగ్గర, "అక్కా, ఆ పేజీ ఉందా?" అని అడిగింది.

ఉంది. నా దగ్గర ఉండకపోవడమేమిటి? తెచ్చి బల్లమీద పెట్టాను. వేలు పెట్టి ముప్పై ఎనిమిది దాకా దిగింది. డిమాస్ వాళ్లమ్మ, బాలిక్‌పాపన్. ఎదురుగా రెండు చిన్న గీతలు.

"దాని వాక్యం ఏది?"

"అందరిదీ ఒకటే కాబట్టి పైన ఒకసారి రాసి, కింద డిటో పెట్టాను."

చెల్లెలు తనకోసం రాసినదాంట్లో ఈ ప్రపంచంలో మిగిలింది ఆ రెండు గీతలు. అవీ నావి. ఆమె వాటిమీద వేలు ఉంచి, మళ్లీ ఆ మాటే అంది. "పర్లేదు అక్కా."

"పర్లేదు అనకు!" అని అరిచాను. గ్లాసు దొర్లి కాఫీ ఒలికింది. పేజీ పక్కకు లాగాను. "ఇరవై ఒక్క ఏళ్లుగా పర్లేదు, పర్లేదు! తిట్టు నన్ను!" అని, ఆపలేక, ఆ వాక్యం వాళ్ల భాషలో మొదటినుంచి చివరిదాకా చెప్పాను. మొహోన్ మాఫ్ లాహిర్ దాన్ బాతిన్.

నీనింగ్ బల్ల తుడుస్తున్న గుడ్డ విసిరికొట్టింది. "బాగా పలికావు. ఇరవై ఒక్క ఏళ్లకు నాలుక తిరిగింది నీకు. ఆ రోజు ఇదే కదా రాయమన్నాను? మూడు పాయింట్లు రాసిచ్చావు! నా చెల్లెలు నన్ను అబద్ధాలకోరు అనుకుంటూ పోయింది. పర్లేదని ఎందుకంటున్నానో తెలుసా? మొదలుపెడితే ఆగలేను కాబట్టి!" ఆగలేదు కూడా. ఇంగ్లీషు వదిలేసి వాళ్ల భాషలో పావుగంట తిట్టింది. నాకు సగమే తెలిసింది. ఆ సగమూ నిజమే. ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, "క్షమించావా?" అన్నాను.

"లేదు."

వాళ్లలో ఆ వాక్యానికి లేదన్న జవాబు ఉండదు. అడిగినవాళ్లకు ఇచ్చేయడమే ఆచారం. నాకు రోషం పొడుచుకొచ్చింది. "మరెప్పుడు?" అన్నాను.

"రేపు అడుగు. చూస్తాను."

రేపు అడిగాను. ఎల్లుండి అడిగాను. విమానాశ్రయంలో సూట్‌కేసు దించుతూ నాలుగోసారి అడిగాను. తల అడ్డంగా ఊపి, వెళ్లి ఫోన్ చేస్తానంది. అప్పటినుంచి ప్రతి శనివారం పొద్దున పదింటికి, వాళ్లకు ఒంటిగంటకు, నేనే చేస్తున్నాను. ముందు ఆ వాక్యం చెబుతాను. ఆమె "విన్నాను" అంటుంది. తర్వాత నోవైలో మంచు కరిగిన సంగతి, మోకాలు నొప్పి, ఆ రోజు వంట. నిన్నటితో పన్నెండుసార్లయింది. నిన్న కూడా "ఇంకా లేదు" అంది. కోపమొచ్చి ఠక్కున పెట్టేశాను. వంటింట్లోకి వెళ్లి, మంచినీళ్లు తాగి, తిరిగొచ్చి మళ్లీ చేశాను. పదమూడు.